జన్యువు నుంచి ప్రోటీన్ దాకా: పెన్సిల్ పట్టుకుని బీటా గ్లోబిన్‌ని చదవడం ఎలా

"డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్." శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా బైపీసీ పిల్లల్ని ఎవరిని లేపి అడిగినా ఈ ముక్క తడుముకోకుండా చెప్తారు. అదే పిల్లల చేతికి డెబ్బై అక్షరాల డీఎన్ఏ వరస ఇచ్చి, దీన్నుంచి ఏ ప్రోటీన్ వస్తుందో రాయమంటే పెన్ను ఆగిపోతుంది. ఎంజైమ్‌ల పేర్లు బట్టీ పట్టినంత మాత్రాన ఈ పాఠం రాదు. నిజమైన జన్యువు ఒకటి తీసుకుని, కణం చేసే పనిని అదే వరసలో కాగితం మీద మనమూ చేస్తే వస్తుంది. ఓ గంట పడుతుంది. ఆ తర్వాత నీట్‌లో అడిగినా, ఈఏపీసెట్‌లో అడిగినా టెన్షన్ ఉండదు.

ఈ పనికి నేను ఎంచుకున్నది బీటా గ్లోబిన్ జన్యువు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో సగం దీని నుంచే వస్తుంది. పుస్తకాల్లో అభ్యాసాలకిచ్చే వరసలు చాలావరకు కల్పించినవి, అవి తప్పినా ఎవరికీ ఏమీ కాదు. ఈ వరసలో ఒక్క అక్షరం మారితే మాత్రం సికిల్‌సెల్ వ్యాధి వస్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ నుంచి వచ్చి మన కాలేజీల్లో చదివే పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి రక్త పరీక్షలు చేస్తున్నారు. ఆ పరీక్ష రిపోర్టులో రాసేదేమిటో అర్థం కావాలన్నా ఈ పాఠమే దిక్కు.

ముందు వరస రాసుకోండి

రూళ్ల కాగితం, పెన్సిల్, రబ్బరు, పాఠ్యపుస్తకంలోని కోడాన్ పట్టిక (ఏ మూడక్షరాల ముక్కకు ఏ అమైనో ఆమ్లమో చూపే పట్టిక, ఆ ముక్కే కోడాన్). ఇవి చాలు. డీఎన్ఏలో ఎడినిన్‌కు ఎ, థైమిన్‌కు టి, గ్వానిన్‌కు జి, సైటోసిన్‌కు సి అని రాద్దాం. ఆర్ఎన్ఏలో థైమిన్ బదులు యురాసిల్ ఉంటుంది కాబట్టి దానికి యు. బీటా గ్లోబిన్‌లో ప్రోటీన్‌ను రాసే భాగం ఇలా మొదలవుతుంది:

ఎటిజి జిటిజి సిఎటి సిటిజి ఎసిటి సిసిటి జిఎజి జిఎజి
ఎఎజి టిసిటి జిసిసి జిటిటి ఎసిటి జిసిసి సిటిజి టిజిజి
జిజిసి ఎఎజి జిటిజి ఎఎసి జిటిజి జిఎటి జిఎఎ జిటిటి

మూడేసి అక్షరాలకు నేను పెట్టిన ఖాళీలు మన కంటి కోసమే. కణంలో ఖాళీలూ లేవు, కామాలూ లేవు. ఈ సంగతి చివరిదాకా గుర్తుండాలి, సగం ప్రమాదాలు ఇక్కడి నుంచే పుడతాయి.

ఈ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మొత్తం పొడవు సుమారు 1,600 అక్షరాలు. మీ కాగితం మీద ఉన్నవి అందులో 72.

రెండో పోగు, దాని దిక్కు

డీఎన్ఏ జంట పోగు. పైన రాసినది కోడింగ్ పోగు. దాని కింద ఎదురు పోగు రాయండి: ఎ కింద టి, టి కింద ఎ, జి కింద సి, సి కింద జి. మొదటి పది మాటలకు (మూడక్షరాల ముక్కను మాట అందాం) ఇలా వస్తుంది:

టిఎసి సిఎసి జిటిఎ జిఎసి టిజిఎ జిజిఎ సిటిసి సిటిసి టిటిసి ఎజిఎ

దీన్ని మూస పోగు అంటారు. ఆర్ఎన్ఏ తయారయ్యేది దీన్ని చూసే. ఇక్కడ కొసలు గుర్తు పెట్టుకోవాలి: ప్రతి పోగుకూ ఒక కొసను 5 ప్రైమ్, రెండో కొసను 3 ప్రైమ్ అంటారు. పై పోగుకు ఎడమ కొస 5 ప్రైమ్, కుడి కొస 3 ప్రైమ్. కింది పోగుకు సరిగ్గా తలకిందులు, ఎడమ కొస 3 ప్రైమ్. ఈ నాలుగు కొసలకూ పేర్లు రాశాకే ముందుకు వెళ్లండి.

పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ప్రశ్నలో మూస పోగును 5 ప్రైమ్ నుంచి ఇస్తారు. పిల్లలు దాన్ని ఉన్నదున్నట్టు ఎడమ నుంచి కుడికి మార్చేస్తారు, జవాబు మొత్తం తలకిందులవుతుంది. ఏ పోగు ఇచ్చారు, ఏ కొస నుంచి ఇచ్చారు అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా ఒక్క అక్షరం కూడా రాయొద్దు. 5 ప్రైమ్ నుంచి ఇచ్చిన మూస పోగైతే ముందు దాన్ని వెనక నుంచి ముందుకు తిరగరాసుకోండి, ఆ తర్వాతే జతలు కలపండి.

ట్రాన్స్‌క్రిప్షన్

ఇప్పుడు మూస పోగు చూస్తూ ఆర్ఎన్ఏ రాయండి. టి కనిపిస్తే ఎ, ఎ కనిపిస్తే యు, సి కనిపిస్తే జి, జి కనిపిస్తే సి.

ఎయుజి జియుజి సిఎయు సియుజి ఎసియు సిసియు జిఎజి జిఎజి ఎఎజి యుసియు

కోడింగ్ పోగుతో పోల్చి చూడండి. టి ఉన్నచోట యు వచ్చింది, మిగతాదంతా అదే. అందుకని ప్రశ్నలో కోడింగ్ పోగు ఇస్తే పని ఇంకా తేలిక: టి కొట్టేసి యు రాస్తే అయిపోయింది. మూస పోగు గొడవే అక్కర్లేదు.

కాగితం మీద ఇది రెండు నిమిషాల పని. కణంలో మాత్రం అసలు కథ రాయడం కాదు, రాయాలా వద్దా అని తేల్చుకోవడం. బీటా గ్లోబిన్ జన్యువు మీ కంట్లోనూ ఉంది, కాలేయంలోనూ ఉంది, కానీ అక్కడ మూసుకుని ఉంటుంది. అది జోరుగా పనిచేసేది ఎముక మజ్జలో, ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లోనే. అక్కడ గాటా1, కేఎల్ఎఫ్1 లాంటి ప్రోటీన్లు ఉంటాయి. జన్యువుకు ముందున్న ప్రమోటర్ భాగానికి, సుమారు 50 వేల అక్షరాల దూరంలో ఉన్న నియంత్రణ భాగానికి ఇలాంటివి అతుక్కుంటాయి. దూరంగా ఉన్న ఆ భాగం డీఎన్ఏ వంగడం వల్ల దగ్గరకొచ్చి ప్రమోటర్‌ను తాకుతుంది. అప్పుడు ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమ్ అక్కడ కుదురుకుని, జంట పోగును కొద్ది మేర విప్పి, మూస పోగును 3 ప్రైమ్ నుంచి చదువుతూ ఆర్ఎన్ఏను 5 ప్రైమ్ నుంచి పెంచుతుంది. నిమిషానికి రెండు మూడు వేల అక్షరాల వేగంతో పోతుంది కాబట్టి ఈ చిన్న జన్యువుకు నిమిషం కూడా పట్టదు.

ఈ ఎంజైమ్‌ను ఆపితే ఏమవుతుందో కొన్ని విషపు పుట్టగొడుగులు చెప్తాయి. వాటిలోని ఆల్ఫా అమానిటిన్ పాలిమరేజ్ 2ను పట్టేస్తుంది. తిన్న రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతినేది అందుకే: కొత్త ఆర్ఎన్ఏ రాదు, పాత ప్రోటీన్లు అరిగిపోతాయి, వాటి బదులు వచ్చేవి ఉండవు. బాక్టీరియా పాలిమరేజ్ వేరే రకం. టీబీ మందుల్లో మూత్రాన్ని నారింజ రంగుకు మార్చే రిఫాంపిసిన్ ఆపేది దాన్నే, మన పాలిమరేజ్‌ను ముట్టుకోదు.

కత్తిరింపు

తయారైన ఆర్ఎన్ఏ ఇంకా పచ్చిది. ముందు కొసకు మిథైల్ గ్వానోసిన్ టోపీ పడుతుంది, వెనక కొసకు సుమారు 200 ఎ-ల తోక వస్తుంది. ఈ రెండూ లేకపోతే ఆర్ఎన్ఏ ఎక్కువసేపు బతకదు, ప్రోటీన్‌ను కట్టే రైబోసోమ్ కూడా దాన్ని సరిగ్గా పట్టించుకోదు. బట్టీకి ఇంతవరకు చాలు.

అసలు చూడాల్సినది ఇంట్రాన్ల సంగతి. ఆర్ఎన్ఏలోంచి కత్తిరించి పారేసే ముక్కలు ఇంట్రాన్లు, ఉంచుకుని అతికించే ముక్కలు ఎక్సాన్లు. బీటా గ్లోబిన్‌లో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు ఉన్నాయి. మొదటి ఇంట్రాన్ 130 అక్షరాలు, రెండోది 850. అంటే 1,600 అక్షరాల్లో 980 తీసి పారేసేవే. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో బయటపడింది. దానికి ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది.

మొదటి ఎక్సాన్ ఎక్కడ ముగుస్తుందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి మాట ఎటిజిని వదిలి లెక్కపెడితే అందులో 30వ అమైనో ఆమ్లం ఆర్జినిన్. దాని మూడు అక్షరాలు ఎజిజి. మొదటి రెండు, అంటే ఎజి, ఒక ఎక్సాన్ చివర ఉంటాయి. మూడో జి 130 అక్షరాల అవతల, రెండో ఎక్సాన్ మొదట్లో ఉంటుంది. కత్తిరించే స్ప్లైసియోసోమ్ ఒక్క అక్షరం అటో ఇటో కోసిందా, ఆ తర్వాత ఉన్న ప్రోటీన్ అంతా గల్లంతు. దారి తప్పకుండా దానికి గుర్తులున్నాయి. ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ జిటితో మొదలై ఎజితో ముగుస్తుంది. మొదటి ఇంట్రాన్ మొదలు జిటిటిజిజి అని ఉంటుంది. ఇందులో ఐదో అక్షరమైన జి, సిగా మారడం మన దేశంలో బీటా థలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం. ఆ అక్షరం ప్రోటీన్‌లోకి రానే రాదు, తీసి పారేసే భాగంలోది. అయినా కోత తప్పుతుంది, సరైన ఆర్ఎన్ఏ బాగా తగ్గిపోతుంది, పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఇంట్రాన్‌ను "పనికిరాని భాగం" అని రాసే నోట్సులను నేను అందుకే నమ్మను.

కాగితం మీద మాత్రం ఈ మెట్టు మీకు తేలిక. పైన మీరు రాసుకున్న 72 అక్షరాలూ మొదటి ఎక్సాన్‌లోవే, కోసేదేమీ లేదు.

ఎక్కడి నుంచి చదవాలి

కత్తిరింపు అయ్యాక మిగిలిన ఆర్ఎన్ఏను ఎం-ఆర్ఎన్ఏ అంటారు. అది కేంద్రకం దాటి బయటికొచ్చింది. రైబోసోమ్ చిన్న భాగం ముందు కొసన టోపీ దగ్గర ఎక్కి, ఎయుజి దొరికేదాకా వెతుక్కుంటూ నడుస్తుంది. బీటా గ్లోబిన్‌లో టోపీకీ ఎయుజికీ మధ్య 50 అక్షరాలున్నాయి. అవి ప్రోటీన్‌లోకి రావు. కాబట్టి పరీక్షలో ఎం-ఆర్ఎన్ఏ ఇస్తే మొదటి అక్షరం నుంచి మూడేసి విడగొట్టేయకండి. ముందు 5 ప్రైమ్ వైపు నుంచి మొదటి ఎయుజిని వెతికి దాని చుట్టూ గీత గీయండి. లెక్క అక్కడి నుంచే మొదలు.

ఎందుకంత పట్టుదల? ఈ తెలుగు వరస చూడండి: కలముపడవఅరటిమిరప. మూడేసి అక్షరాలుగా చదివితే కలము, పడవ, అరటి, మిరప. ఇప్పుడు కలములోని ల ఒక్కటి తీసేసి మళ్లీ మూడేసి చదవండి: కముప, డవఅ, రటిమి, రప. పోయింది ఒక్క అక్షరమే, చెడింది వరస మొత్తం. రైబోసోమ్ చదివేదీ ఇలాగే, మధ్యలో ఆగి సరిచూసుకోవడం దానికి తెలియదు.

మూడేసి చదవడం

ఇప్పుడు కోడాన్ పట్టిక ముందు పెట్టుకుని మీ ఆర్ఎన్ఏను చదవండి. ఎయుజి మెథియోనిన్. జియుజి వాలీన్. సిఎయు హిస్టిడిన్. సియుజి లూసిన్. ఎసియు థ్రియోనిన్. సిసియు ప్రోలిన్. జిఎజి గ్లుటామిక్ ఆమ్లం, మళ్లీ జిఎజి, మళ్లీ గ్లుటామిక్ ఆమ్లం. ఎఎజి లైసిన్. యుసియు సెరీన్. మిగతా పద్నాలుగూ మీరే రాయండి. సరిచూసుకోవడానికి వరస: అలనీన్, వాలీన్, థ్రియోనిన్, అలనీన్, లూసిన్, ట్రిప్టోఫాన్, గ్లైసిన్, లైసిన్, వాలీన్, ఆస్పరాజిన్, వాలీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, వాలీన్.

64 కోడాన్లూ బట్టీ పట్టమని చెప్పే కోచింగ్ సెంటర్లున్నాయి. ఆ శ్రమ దండగ. ఎయుజి మొదలు, యుఎఎ, యుఎజి, యుజిఎ ముగింపు, యుజిజి ఒక్కటే ట్రిప్టోఫాన్. ఇవి నోటికొస్తే చాలు, మిగతావి పట్టికలో చూడొచ్చు. 61 కోడాన్లు 20 అమైనో ఆమ్లాలను పంచుకుంటాయి కాబట్టి చాలాచోట్ల మూడో అక్షరం మారినా ఫలితం మారదు. మీ కాగితం మీద ఒక జిఎజిని జిఎఎ చేసి చూడండి, అప్పుడూ గ్లుటామిక్ ఆమ్లమే.

ఈ పట్టిక ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1961లో అమెరికాలో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మథాయ్ కలిసి ఉత్త యు-లతో చేసిన ఆర్ఎన్ఏను కణాల రసంలో వేస్తే ఫినైల్ అలనీన్ గొలుసు వచ్చింది. అంటే యుయుయు ఫినైల్ అలనీన్. మన హరగోవింద్ ఖొరానా ఆ తర్వాత యు, సి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పొడవాటి ఆర్ఎన్ఏను తయారుచేశాడు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి మూడేసి చదివినా యుసియు, సియుసి అని మారిమారి వస్తాయి. వచ్చిన ప్రోటీన్‌లో సెరీన్, లూసిన్ కూడా సరిగ్గా అలాగే మారిమారి వచ్చాయి. కోడాన్‌లో ఉండేది బేసి సంఖ్యలో అక్షరాలని దీంతో తేలిపోయింది. రెండేసి అయితే ఒకే అమైనో ఆమ్లం వచ్చి ఉండేది. 1968లో ఈ ఇద్దరికీ, రాబర్ట్ హోలీకీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అసలు అనువాదం చేసేదెవరు?

రైబోసోమ్ అని అందరూ రాస్తారు. నా లెక్కలో అది సగం జవాబే. జిఎజికీ గ్లుటామిక్ ఆమ్లానికీ రసాయనపరంగా ఏ పోలికా లేదు. ఆ రెంటినీ కలిపేది టి-ఆర్ఎన్ఏ. దాని ఒక చివర మూడక్షరాల యాంటీకోడాన్ ఉంటుంది, ఇంకో చివర అమైనో ఆమ్లం. జిఎజి ఎదుట 3 ప్రైమ్ వైపు నుంచి రాస్తే సియుసి ఉన్న టి-ఆర్ఎన్ఏ కూర్చోవాలి. దానికి గ్లుటామిక్ ఆమ్లమే తగిలించాలని ఎవరు చూస్తారు? అమైనో ఎసిల్ టి-ఆర్ఎన్ఏ సింథటేజ్ అనే ఎంజైమ్‌లు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కోటి. రెండు భాషలూ తెలిసినవి కణం మొత్తంలో ఇవే.

1962లో చేసిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని గట్టిగా నిలబెట్టింది. సిస్టీన్ తగిలించిన టి-ఆర్ఎన్ఏను తీసుకుని, నికెల్ సాయంతో ఆ సిస్టీన్‌ను అక్కడికక్కడే అలనీన్‌గా మార్చారు. రైబోసోమ్ ఏమాత్రం పసిగట్టలేదు. సిస్టీన్ ఉండాల్సిన చోట్ల అలనీన్ పెట్టుకుంటూ పోయింది. అది చూసేది యాంటీకోడాన్‌నే, వెనక ఏం వేలాడుతోందో చూడదు.

రైబోసోమ్ లోపల

మన రైబోసోమ్ 80 ఎస్, అందులో 60 ఎస్, 40 ఎస్ భాగాలు. బాక్టీరియాది 70 ఎస్, భాగాలు 50, 30. కూడితే లెక్క కుదరదేమిటని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఎస్ అన్నది సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దిగే వేగానికి కొలత, బరువు కాదు. కూడకూడదు.

లోపల మూడు చోట్లున్నాయి: ఎ, పి, ఇ. కొత్త టి-ఆర్ఎన్ఏ ఎ చోటుకు వస్తుంది. అప్పటిదాకా పెరిగిన గొలుసు పి చోటులో ఉన్న టి-ఆర్ఎన్ఏకు వేలాడుతుంటుంది. ఇక్కడ చాలామంది బొమ్మ తప్పుగా వేస్తారు: కొత్త అమైనో ఆమ్లం పాత గొలుసు దగ్గరకు పోయి అతుక్కున్నట్టు. జరిగేది దానికి ఎదురు. గొలుసు మొత్తం పి చోటు నుంచి ఊడి, ఎ చోటులోని కొత్త అమైనో ఆమ్లం మీదకు మారుతుంది. తర్వాత రైబోసోమ్ మూడు అక్షరాలు ముందుకు జరుగుతుంది. ఖాళీ టి-ఆర్ఎన్ఏ ఇ చోటు మీదుగా బయటికి పోతుంది. ఆ బంధాన్ని వేసేది ప్రోటీన్ ఎంజైమ్ కూడా కాదు, రైబోసోమ్‌లోని ఆర్ఎన్ఏయే. రైబోసోమ్ అణువణువునా ఎలా ఉంటుందో చూపించినందుకు వెంకటరామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లకు 2009లో నోబెల్ వచ్చింది.

మన కణాల్లో సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాలు కలుస్తాయి. బీటా గ్లోబిన్‌కు మెథియోనిన్‌తో కలిపి 147 కాబట్టి ఒక గొలుసుకు అర నిమిషం. ఒకే ఎం-ఆర్ఎన్ఏ మీద ఒకేసారి సుమారు ఐదు రైబోసోమ్‌లు వరసగా నడుస్తుంటాయి. ఇది చౌక బేరమేమీ కాదు. ఒక్కో బంధానికి నాలుగు అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలు ఖర్చవుతాయి: టి-ఆర్ఎన్ఏకు తగిలించడానికి రెండు, రైబోసోమ్‌లో రెండు.

మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్‌లు ఎక్కడ పనిచేస్తాయో ఈ బొమ్మ మీదే గుర్తించొచ్చు. డాక్సీసైక్లిన్ బాక్టీరియా 30 ఎస్ భాగంలో ఎ చోటుకు టి-ఆర్ఎన్ఏను రానివ్వదు. అజిత్రోమైసిన్ 50 ఎస్‌లో గొలుసు బయటికొచ్చే సొరంగాన్ని అడ్డుకుంటుంది. మన 80 ఎస్ మీద వీటి ప్రభావం తక్కువ కాబట్టే ఇవి మందులయ్యాయి. మన రైబోసోమ్‌ను చంపే విషం మాత్రం పొలం గట్టు మీదే ఉంటుంది. ఆముదపు గింజలోని రిసిన్ 60 ఎస్ భాగపు ఆర్ఎన్ఏలో ఒకే ఒక్క ఎడినిన్‌ను పీకేస్తుంది, దాంతో ఆ రైబోసోమ్ పని అయిపోయినట్టే. ఒక్కో రిసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోసోమ్‌లను పాడుచేయగలదు. ఆముదం నూనెలోకి అది రాదు, నూనె తీశాక మిగిలిన చెక్కలో ఉండిపోతుంది. పశువులకు ఆ చెక్క నేరుగా పెట్టకూడదనేది అందుకే.

ముగింపు, ఆ తర్వాత

బీటా గ్లోబిన్ చివర్లో యుఎఎ వస్తుంది. దానికి జతయ్యే టి-ఆర్ఎన్ఏ లేదు. ఒక రిలీజ్ ఫ్యాక్టర్ ప్రోటీన్ వచ్చి కూర్చుని గొలుసును తెంపేస్తుంది. మొదటి మెథియోనిన్‌ను కణం ముందే తీసేస్తుంది కాబట్టి మిగిలేవి 146. రక్త వైద్యులు వాలీన్‌ను 1గా లెక్కపెట్టేది అందుకే. పాత పుస్తకాల్లో సికిల్‌సెల్ మార్పు 6వ స్థానంలో అని, కొత్త జన్యు రిపోర్టుల్లో 7వ స్థానంలో అని ఉంటే కంగారుపడకండి, రెండూ ఒకటే. రెండు బీటా గొలుసులు, 16వ క్రోమోజోమ్ నుంచి వచ్చిన రెండు ఆల్ఫా గొలుసులు, నాలుగు హీమ్‌లు కలిస్తే ఒక హిమోగ్లోబిన్. ఈ పని చివరి దశలో కణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. జన్యువు పోయినా ఎం-ఆర్ఎన్ఏ మిగిలే ఉంటుంది, దాంతోనే ఇంకో రెండు రోజులు హిమోగ్లోబిన్ తయారవుతుంది.

ఇప్పుడు చెడగొట్టండి

నేర్చుకోవడానికి ఇదే అసలు భాగం. కొత్త కాగితం తీసుకుని ఒక్కోసారి ఒక్క మార్పే చేయండి.

మెథియోనిన్ వదిలేసి లెక్కపెడితే ఆరో మాట జిఎజి. మధ్య ఎను టి చేయండి: జిటిజి. ఆర్ఎన్ఏలో జియుజి, పట్టికలో వాలీన్. అంతే, సికిల్‌సెల్. "ఏటండీ, ఒక్క అక్షరానికే అంత గొడవా?" అని ఎవరైనా అడిగితే అడగాల్సిన ప్రశ్నే అడిగినట్టు. గ్లుటామిక్ ఆమ్లానికి ఋణావేశం ఉంటుంది, నీటితో సఖ్యం. వాలీన్‌కు నీళ్లంటే పడదు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లో ఆ వాలీన్ పక్క అణువులోని ఒక గుంటలో, ఫినైల్ అలనీన్, లూసిన్ ఉన్న చోట, ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి అంటుకుని పొడవాటి కడ్డీలవుతాయి, కణం కొడవలిలా వంగుతుంది. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజుల్లోనే పోతుంది. ఈ ఒక్క అమైనో ఆమ్లపు తేడాను 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ కనిపెట్టాడు. మన దేశంలో ఈ లక్షణాన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. ఒక్క కాపీ ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. మలేరియా తిష్ఠ వేసిన అడవి ప్రాంతాల్లో ఈ అక్షరం తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే.

రెండో మార్పు: 15వ మాట టిజిజిలో మధ్య జిని ఎ చేయండి. టిఎజి అయింది, ఆర్ఎన్ఏలో యుఎజి. ట్రిప్టోఫాన్ బదులు ముగింపు. 14 అమైనో ఆమ్లాలకే కథ ఆగిపోతుంది. నిజానికి కణం అంతదూరం కూడా రానివ్వదు, ఇలా మధ్యలో ముగింపు ఉన్న ఎం-ఆర్ఎన్ఏను గుర్తుపట్టి చాలావరకు నాశనం చేస్తుంది. ఇది మన దేశంలో కనిపించే బీటా థలసీమియా మార్పుల్లో ఒకటి.

మూడోది కాస్త ఓపిక కావాల్సింది. ఎనిమిదో మాట ఎఎజికీ తొమ్మిదో మాట టిసిటికీ మధ్య ఒక జి అదనంగా చొప్పించి, అక్కడి నుంచి కొత్తగా మూడేసి విడగొట్టండి. జిటిసి, టిజిసి, సిజిటి, టిఎసి, టిజిసి, సిసిటి, జిటిజి, జిజిజి, సిఎఎ, జిజిటి, జిఎఎ, సిజిటి, జిజిఎ, ఆ తర్వాత టిజిఎ. ముగింపు వచ్చేసింది. మామూలు వరసలో ఆ టిజిఎ అక్షరాలు రెండు మాటల మధ్య విడిపోయి ఉంటాయి, కనిపించవు. ఇదీ మన దేశంలో ఉన్న థలసీమియా మార్పే. మీకూ 22వ మాట దగ్గరే ముగింపు వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు.

రిపోర్టు చదవడం

ప్రతి మనిషికీ 11వ క్రోమోజోములు రెండు, అంటే బీటా గ్లోబిన్ కాపీలు రెండు. రెండూ మామూలువైతే రిపోర్టులో ఏఏ. ఒకదాంట్లో జిటిజి ఉంటే ఏఎస్, ఆ మనిషి క్యారియర్, మామూలుగా జబ్బు మనిషి కాదు. రెండింట్లోనూ ఉంటే ఎస్ఎస్, అది వ్యాధి. మేనరికమైనా బయటి సంబంధమైనా భార్యాభర్తలిద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఎస్ఎస్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం తప్పు.

శిబిరాల్లో ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఏఎస్‌లోనూ పాజిటివ్ వస్తుంది, ఎస్ఎస్‌లోనూ పాజిటివ్ వస్తుంది. అది చూసి రోగం అని తేల్చేయకండి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయించాలి. అందులో ఏఎస్ అయితే మామూలు హిమోగ్లోబిన్ ఏ ఎక్కువగా, ఎస్ దానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎస్ఎస్ అయితే ఏ ఉండదు. ఒక కాపీలో సికిల్ మార్పు, ఇంకో కాపీలో పైన మనం చేసిన థలసీమియా మార్పు ఉన్నవారు కూడా ఉంటారు. వాళ్ల రిపోర్టు ఎస్ఎస్‌ను పోలి ఉండొచ్చు కాబట్టి తల్లిదండ్రుల రక్తం కూడా చూడాల్సి వస్తుంది.

పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అందులో బీటా బదులు గామా గొలుసులుంటాయి, గామా జన్యువులో ఈ మార్పు లేదు. అందుకే ఆ వయసులో సాల్యుబిలిటీ పరీక్ష నెగటివ్ వచ్చినా నమ్మకూడదు. సికిల్‌సెల్‌కు వాడే హైడ్రాక్సీయూరియా బిళ్లలు పనిచేసేది కూడా ఎక్కువగా ఈ గామాను మళ్లీ పెంచడం ద్వారానే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స కూడా చెడిన అక్షరాన్ని దిద్దదు. గామాను ఆపి ఉంచే బీసీఎల్11ఏ జన్యువు రక్త మూలకణాల్లో పనిచేయకుండా కత్తిరిస్తుంది. ఇక ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారి రిపోర్టులో కనిపించే ఏ హిమోగ్లోబిన్ దాతది కావచ్చు. పరీక్షకు ముందే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి, వీలైతే మూడు నెలలు ఆగి చేయించండి.